మేనత్త వచ్చేదాకా జోలపాట

ఎవరింటి గడప దాటినా జనం ముందు మనుషుల్ని చూస్తారు. నేను బాత్రూం ఎటువైపుందో చూస్తాను. ఆ తర్వాతే మనుషులూ, కుశలప్రశ్నలూ. పెళ్లయినా, పేరంటమైనా, ఆఖరికి చావిల్లయినా నా కళ్లు ముందు ఆ తలుపునే వెతుక్కుంటాయి. సిగ్గులేని మనిషని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నా పేగు ఒక్కరోజు వాళ్ల కడుపులో ఉంటే తెలుస్తుంది.

విజయనగరంలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, కాగితాలు పక్కన పెట్టి, "పేగు శుభ్రంగా ఉందమ్మా. దానికి కోపం ఎక్కువ, అంతే" అన్నారు. ఐబీఎస్ అంటారట. ప్రాణానికేమీ ఢోకా లేదట. ఖాళీ కడుపుతో ఉండొద్దు, కొంచెం కొంచెంగా తినండి, మీకు పాలు పడట్లేదు కాబట్టి మానేయండి, కంగారు పడకండి అని నాలుగు ముక్కలు చెప్పి పంపించారు. మొదటి మూడూ చేస్తున్నాను. కంగారు పడకుండా ఉండగలిగితే మీ దగ్గరికి ఎందుకొస్తాను బాబూ అని మనసులో అనుకున్నాను. ఎవరైనా "కంగారు పడకు" అంటేనే నాకు మొదలవుతుంది.

పోనీలే అనుకుని దాంతో కాపురం నేర్చుకున్నాను. మా మామగారు ఉన్నన్నాళ్లూ అంతే. అన్నం ఆలస్యమైనా అలకే, ముందు పెట్టినా అలకే. ఆయనతో నెగ్గుకొచ్చినదాన్ని, జానెడు పేగుతో నెగ్గుకురాలేనా?

ప్రయాణాలే కష్టం. బస్సంటే నాకు చెరసాల. తలుపు డ్రైవరు చేతిలో, నా పరువు దేవుడి చేతిలో. మా తమ్ముడి నిశ్చితార్థానికి పాతపట్నం వెళ్దామని బస్సెక్కి, కొత్తవలస నుంచి విజయనగరం చేరేలోపే చెమటలు పట్టి, ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, అటు నుంచి అటే ఇంటికొచ్చేశాను. పెళ్లి విజయనగరంలోనే జరిగింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత బస్సుకు దండం పెట్టి రైలు పట్టుకున్నాను. రైలంటే ఇంద్రభవనం. నాలుగడుగులు వేస్తే బాత్రూం, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

నా భుజానికి ఒక సంచి ఉంటుంది. రెండు ఇడ్లీలు, మరమరాలు, అరటిపళ్లు, సబ్బు ముక్క, తువ్వాలు, మడత పెట్టిన చీరా లంగా. మా ఆయన దానికి ఆపత్సంచి అని పేరు పెట్టాడు. పెట్టె ఎక్కగానే ఆయన నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఆ చివరికీ ఈ చివరికీ వెళ్లి చూసొస్తాడు. "అటుపక్కది బాగున్నాది. నీళ్లొస్తన్నాయి, గొళ్లెం పడతన్నాది" అని నా చెవిలో చెప్పి, అప్పుడు కూర్చుంటాడు. పెళ్లైన కొత్తలో మల్లెపూలు తెచ్చేవాడు. మల్లెపూలా, గొళ్లెమా, ఏది గొప్ప ప్రేమ అని అడిగితే నేను తడుముకోకుండా గొళ్లెం అంటాను.

రైలు సరే, దిగిన చోట సంగతి? అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, మా వైపు అడిగినా అడక్కపోయినా పెడతారు. వద్దంటే "మా ఇంట్లో తినకూడదేటి?" అని మొహం ముడుచుకుంటారు. కడుపు బాగోలేదంటే ఇంకా ప్రమాదం. ఒకావిడ వాము తెస్తుంది, ఒకావిడ మెంతులు తెస్తుంది, ఇంకొకావిడ దిష్టి తీస్తానని ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని నిలబడుతుంది. వాళ్ల నోరు మూయించే మాట మా ఊళ్లలో ఒక్కటే ఉంది. "ఈరోజు ఒక్కపొద్దండీ."

అంతే. చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. పూట తిండి మానుకుని దేవుణ్ని తలచుకునే మనిషికి బలవంతంగా పెట్టే ధైర్యం ఎవరికుంది? సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. రైల్లో రెండు ఇడ్లీలూ తినేసి, మూతి తుడుచుకుని, ఊళ్లో దిగి భక్తురాలినయ్యేదాన్ని. మా చుట్టాల్లో నాకు మహా నిష్ఠాపరురాలని పేరొచ్చేసింది. దేవుళ్లు కూడా నవ్వుకునే ఉంటారు. ఎవరైనా మర్యాదకి గ్లాసుడు పాలు తెచ్చినా మా ఆయన పక్కనే కూర్చుని, వాళ్లు అటు తిరగ్గానే గటగటా తాగేసి గ్లాసు నా ముందు పెట్టేవాడు. ఇన్నేళ్లూ ఏ గొడవా లేకుండా అలా నడిచిపోయింది.

ఆ తర్వాత మా తమ్ముడికి పాప పుట్టింది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసి, ఆశ వదులుకుని, ఎవరూ అడగడం కూడా మానేశాక పుట్టింది. మరదలు పురిటికి పుట్టింటికి, అంటే పాతపట్నం వెళ్లింది. అక్కడే ఉయ్యాల్లో వేస్తారన్నారు. ఆ పని మేనత్తది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చెవిలో పేరు చెప్పి, ఉయ్యాల్లో పడుకోబెట్టాల్సింది తండ్రి తోడబుట్టిన ఆడది. వాడికి తోడబుట్టింది నేనొక్కదాన్నే.

"అప్పా, నీ కడుపు సంగతి నాకు తెల్దా? అయినా నువ్వు రావాల" అన్నాడు ఫోన్లో. "రైలొచ్చేకే ముహూర్తం పెట్టమన్నాను పంతులుగార్ని. నువ్వు నేకపోతే ఉయ్యాల కట్టను. గుంట, నీ మేనకోడలు, సాప మీదే పడుకుంటాది."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఆ బిడ్డను ఉయ్యాల్లో వేయడం తప్ప నాకింకే కోరికా లేదనిపించింది. ఎలాగైనా నా చేత్తోనే వేయాలి.

మావాళ్లంతా వ్యాను మాట్లాడుకున్నారు. మా పెదనాన్న కూతురు, నాకు అప్ప, అంటే అక్క వరస, నోరు తెరిస్తే వీధి చివరికి వినపడే మనిషి. అందరి ముందూ నన్ను పట్టుకుంది. "రైల్లోనేటే, ముసిల్దానిలాగ? మాతోటి రా. సారె సామాన్లన్నీ మేమట్టుకెల్తే, నువ్వు సేతులూపుకుంటూ రైల్లో వస్తావా?"

"వస్తాను. మహారాణీలా వస్తాను" అన్నాను.

"రాకపోయినా పర్లేదులే. నానూ మేనత్తనే. నానేస్తాను ఉయ్యాల్లో" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ సరదాకే అందని తెలుసు. అయినా లోపల చురుక్కుమంది.

ఆ పొద్దున్న కొత్తవలసలో గునుపూరు పాసింజరెక్కాం. మా ఆయన వెళ్లి చూసొచ్చి, గొళ్లెం దివ్యంగా ఉందన్నాడు. విజయనగరం దాటాక ఇడ్లీలు తిన్నాను. నాగావళి వంతెన మీద ఏం గుర్తొచ్చిందో గాని ఊరికే నవ్వొచ్చింది. వంశధార మీద కిటికీలోంచి వంగి నీళ్లు చూశాను. కోటబొమ్మాళి దగ్గర హాయిగా కునుకు పట్టింది. నౌపడా ఉప్పుమళ్లు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. టెక్కలిలో పల్లీల అబ్బాయి అరుపుకి మెలకువొచ్చింది. పేగు పాలు తాగిన పిల్లలా నిద్రపోతోంది. దారి పొడుగునా ఒక్కసారి కూడా లేవలేదు. పాతపట్నంలో దిగి, "చూశారా, నేను బాగుపడిపోయాను" అన్నాను మా ఆయనతో. అనకుండా ఉండాల్సింది.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే అలవాటు ప్రకారం చూసుకున్నాను. వంటగది దాటి, పెరట్లో, గోడవార. మరీ దూరం కాదు. సరే అనుకున్నాను. వ్యాను వాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. మా ఆయన వాళ్ల మధ్య కూలబడి, నేను వంతెన మీద నవ్వినదీ, కోటబొమ్మాళిలో గురక పెట్టినదీ కథలు కథలుగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో ఉయ్యాల దూలానికి కట్టడానికి మగాళ్లు కావాలని ఆయన్ని లాక్కుపోయారు. నాకిచ్చిన పాలు తాగే దిక్కు అలా పోయింది.

మరదలి తల్లి, నాకు అత్త వరస, పళ్లెం నిండా గారెలూ, బూరెలూ, పులిహోరా పెట్టుకుని వచ్చింది. నేను ఎప్పటి మాట అనేశాను. "ఈరోజు నాకు ఒక్కపొద్దు అత్తా."

"బుధవారం ఏ దేవుడికమ్మా?" అంది ఆవిడ.

బుధవారానికి నా దగ్గర దేవుడు లేడు. నోటికొచ్చింది చెప్పాను. "పైడితల్లమ్మకి మొక్కుకున్నాను. పాప క్షేమంగా పుడితే, ఉయ్యాల్లో వేసే రోజు ఒక్కపొద్దుంటానని."

ఆవిడ పళ్లెం కింద పెట్టేసింది. కళ్లనిండా నీళ్లు. "మా గుంట కోసం ఎండుకుపోయి ఇంత దూరం వొచ్చినారా తల్లీ" అని నా గడ్డం పట్టుకుంది. లోపలికి పరుగెత్తి, పెద్ద ఇత్తడి గ్లాసు నిండా గేదె పాలు, మీగడ తేలుతున్నవి, బెల్లం కలిపి తెచ్చింది. "ఒక్కపొద్దుకి పాలు తప్పు నేదు. తాగండి. మీరు తాగిందాకా నానిక్కణ్నుంచి కదల్ను."

నిజంగానే కదల్లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది. కక్కలేక మింగలేక అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ కన్నీళ్ల ముందు ఏం చెప్పను? మా ఆయన కోసం చూశాను. ఆయన దూలం మీద ఉన్నాడు. కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాను. పాలు బాగున్నాయి కూడా, దానికే నాకు ఒళ్లు మండింది.

ముహూర్తానికి పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఎంత తేలిగ్గా ఉందో. పిడికిళ్లు బిగించి, మూతి ముడుచుకుని, అచ్చం మా తమ్ముడు పుట్టినప్పటి మొహమే. పంతులుగారు పళ్లెంలో బియ్యం మీద పేరు రాయించారు. ఆ పేరు నేను పాప చెవిలో చెప్పాను. ఆడవాళ్లు జోలపాట ఎత్తుకున్నారు. ముందు రుబ్బురోలు పొత్రానికి పసుపు రాసి ఉయ్యాల్లో పెట్టి ఊపుతారు. ముత్తైదువలంతా ఒక్కొక్కరే వచ్చి పాప మీద అక్షింతలు వేస్తారు. ఆ తర్వాత మేనత్త లేచి బిడ్డను ఉయ్యాల్లో వేస్తుంది. వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. పాట మొదలయ్యాక బిడ్డ ఉయ్యాల్లో పడేదాకా ఆగకూడదు. మధ్యలో ఆగితే ఆ బిడ్డకి నిద్ర నిలవదట.

మొదటి చరణం కూడా అవలేదు. లోపల గుడుగుడుమంది.

నాకు ఆ చప్పుడు తెలుసు. అది ఉత్తరం కాదు, టెలిగ్రాం. ముత్తైదువల వరస చూశాను, గుమ్మం దాకా ఉంది. ఒళ్లో పాప, చుట్టూ ఊరు, ఎదురుగా మా తమ్ముడు ఫోన్ పట్టుకుని ఫోటోలు తీస్తున్నాడు. ఇన్ని ఊళ్లు దాటొచ్చి, ఈ రెండు గజాల దూరంలో ఓడిపోతున్నానే అనుకున్నాను. ఇప్పుడు లేస్తే నా చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. ఘడియలు ఎవరి కోసం ఆగుతాయి?

అత్తను చెయ్యి పట్టి లాగి చెవిలో చెప్పాను. "ఒక్కపొద్దు లేదు, ఏం లేదు అత్తా. నాకు పాలు పడవు. నేను వెళ్లాలి. ఇప్పుడే."

ఆవిడ నా మొహం చూసి నుదురు కొట్టుకుంది. "ఓలమ్మ! సెప్పొద్దేటే!" అంది. అప్పటిదాకా మీరు మీరు అన్న మనిషి ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగిపోయింది. "నాకు సెనగపప్పు అంతే, నిలబడనియ్యదు. ఎవులికి సెప్పుకున్నాను? పాపనిలాగియ్యి. బేగి ఎల్లు!"

వెళ్లాను. ఎలా వెళ్లానో, వంటగదిలో ఎవరి కాలు తొక్కానో గుర్తులేదు. గొళ్లెం పడింది. అంతవరకు దేవుడు చల్లగా చూశాడు.

పెరటి గోడకి పైన చిన్న కిటికీ. అందులోంచి పాట వినిపిస్తూనే ఉంది. ఆ పాటకి ఉన్నవి నాలుగు చరణాలే. మూడోది అయింది. నాలుగోది అయింది. పంతులుగారి గొంతు వినపడింది. "అమ్మా, ఘడియలు దాటుతున్నాయి. వరసకి ఇంకో మేనత్త ఉన్నారు కదా..."

నేను కూర్చున్న చోటు నుంచి ఏం చేయగలను?

అప్పుడు మా అప్ప గొంతు లేచింది. "ఏటి దాటేది పంతులుగారూ? రైలుకి ఆగిన ముహూర్తం దీనికాగదా? దాని మేనకోడల్ని అదే ఎయ్యాల. పాడండే!" అంటూ, ఎవరూ ఎన్నడూ వినని చరణం ఎత్తుకుంది.

"జోజో బంగారు గుంటా జోజో
మీ మేనత్త వస్తాది జోజో
కొత్తవలసలోన రైలెక్కినాది
కిటికీ సీటు సూసి కూకున్నాది జోజో"

ఆడవాళ్లంతా "జోజో" అని అందుకున్నారు. ఆవిడకి ఊపొచ్చింది. మా ఆయన చెప్పిన కథంతా పాట కట్టేసింది.

"నాగావళి మీద నవ్వుకున్నాది
వంశధార మీద వంగి సూసినాది
కోటబొమ్మాళిలోన గురక పెట్టినాది
టెక్కలి కాడ మేలుకున్నాది జోజో"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. నా ఊళ్లన్నీ, ఏ ఊరు దాటితే ప్రాణం కుదుటపడుతుందో లెక్క పెట్టుకుంటూ వచ్చిన నా దారంతా, వరసగా ఆ కిటికీలోంచి నా దగ్గరకే వస్తోంది. ఒక్క ఊరు తప్పిపోతే ఒట్టు. ఇక ఆగుతుందేమో అనుకుంటే ఆగలేదు. అత్త ఆవిడ చెవిలో ఊదేసినట్టుంది.

"పాతపట్నమొచ్చి పాలు తాగినాది
పాలు తాగినాది, పెరట్లోకెల్లినాది
ఏటి సేత్తన్నాదో ఎవులడగొద్దు
వస్తాది వస్తాది మేనత్త జోజో"

అయిపోయింది. నా నిష్ఠ, నా ఒక్కపొద్దులు, నాలుగు వారాల దేవుళ్లూ ఒక్క చరణంలో గంగలో కలిశారు. ఇల్లంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. ఏమైందో ఏమో, నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ తెలియకూడదని ఎంత కష్టపడ్డాను! ఇప్పుడు ఊరంతా రాగం తీసి పాడుతుంటే, బరువు దిగిపోయినట్టుంది. గోడ ఇవతల నుంచి నేనూ గొంతెత్తి అందుకున్నాను.

"వస్తన్నాను, వస్తన్నాను, ఆగండే జోజో!"

అటువైపు నవ్వులు మిన్నంటాయి. ఆ కంగారు పేగు ఉందే, అది కూడా నవ్విందో ఏమో, చప్పున ఊరుకుంది.

కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి అత్త గుమ్మంలో పసుపునీళ్ల చెంబుతో నిలబడి ఉంది. నా మీద నాలుగు చుక్కలు జల్లి, "అయిపోనాది, మడే. ఎల్లి కూకో" అంది. నా చోటు ఖాళీగానే ఉంది. దాని పక్కన మా అప్ప కాళ్లు బార్లా చాపుకుని, ఎవరూ కూర్చోకుండా కాపలా కాస్తూ పాడుతోంది. నన్ను చూసి పాట ఆపకుండానే కన్ను కొట్టింది. ఆ మనిషిని నేను ఎన్ని అనుకున్నాను! వెళ్లి బుగ్గ మీద ముద్దు పెట్టుకున్నాను.

పాపను మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాను. పంతులుగారు కానివ్వండి అన్నారు. నేను లేచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే పాప మొహం కందిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. పిడికిళ్లు బిగిశాయి. నా పట్టుచీర మీద వెచ్చగా తగిలింది.

ఒక్క క్షణం అందరూ నా చీర వైపు చూశారు.

"మేనత్త పోలికే!" అని మా అప్ప అరిచింది.

అంతే, ఇల్లు దద్దరిల్లిపోయింది. పంతులుగారు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వుతున్నారు. మా ఆయన గోడకి చేరబడి కళ్లొత్తుకుంటున్నాడు. మా తమ్ముడు ఫోన్ జేబులో పెట్టేసి, చిన్నప్పుడు నవ్వినట్టు, నేల మీద కూర్చుండిపోయి నవ్వుతున్నాడు. వాడు అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయింది.

"ఆపకండే పాట!" అని అత్త అందర్నీ కసిరింది. "ఇందాకా మేనత్తకి పాడినారు గదా, ఇప్పుడు కోడలికి పాడండి."

పాడారు. కొత్తవలస నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆపత్సంచిలోంచి చీర తీసి నేను మార్చుకుని వచ్చేలోపు, మరదలు పాపను కడిగి పొడి బట్ట చుట్టింది. ఈసారి పాట పాతపట్నం చేరేసరికి నేను బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టాను. ఒకసారి ఆవలించి, కళ్లు మూసుకుంది. నేను తాడు పట్టుకుని మెల్లగా ఊపుతూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అప్పుడు ఎవరైనా వచ్చి ఆ ఇంట్లో బాత్రూం ఎటువైపని అడిగి ఉంటే, నేను చెప్పలేకపోయేదాన్ని.